కొత్త కాంట్రాక్టరు వినకూడని మాటలు

సివిల్ డిప్లొమా చేతికొచ్చిన పిల్లవాడైనా, పదేళ్ళు బేల్దారి పని చేసి మేస్త్రీ అయినవాడైనా, తిరుపతిలో "ఇంక సొంతంగా కాంట్రాక్టు పట్టుకుంటా" అన్నాడంటే చాలు, సలహాలు వచ్చి మీద పడతాయి. సిమెంటు అంగట్లో ఒకరు, టీ బంకు దగ్గర ఒకరు, పెళ్ళిపందిట్లో పక్క ఆకు ముందు కూర్చున్న మేనమామ ఒకరు. వీళ్ళెవరూ చెడు కోరేవాళ్ళు కారు. ప్రేమతోనే చెబుతారు. తమకు ఒకసారి అలా గడిచింది కాబట్టి ఎప్పుడూ అలాగే గడుస్తుందని నమ్మి చెబుతారు. ఆ మాటలు పట్టుకుని పోయి, రెండో పనికే అప్పులపాలై, మళ్ళీ ఒకరి కింద సూపర్‌వైజరుగా చేరిన కుర్రవాళ్ళు చిత్తూరు, తిరుపతి రెండు జిల్లాల్లోనూ కనిపిస్తారు. అందుకే ఆ మాటల్ని ఒక చోట పెట్టి, ఒక్కొక్కటీ ఎందుకు తప్పో రాస్తున్నాను. వాటన్నిటి వెనుకా ఉన్న బోధ ఒకటే: పని మీద నీ పేరు పడకుండా చూసుకో అని. నా నమ్మకం సరిగ్గా దానికి ఎదురు. తన పేరు పడని పనులు ఎన్ని చేసినా మనిషి కాంట్రాక్టరు కాలేడు.

"ముందు లైసెన్సు తెచ్చుకో అబ్బయ్యా, మిగతాదంతా దానెనకాలే వస్తుంది." మొదట వినిపించే మాట ఇదే. ఏ లైసెన్సు అని అడిగితే చెప్పేవాళ్ళ దగ్గర జవాబు ఉండదు. మన దగ్గర ఆ పేరుతో నాలుగైదు వేరు వేరు కాగితాలు చెలామణి అవుతున్నాయి. ప్రభుత్వ పనికి టెండరు వేయాలంటే ఆర్ అండ్ బీ, జలవనరులు, పంచాయతీరాజ్ వంటి శాఖల్లో కాంట్రాక్టరుగా నమోదు కావాలి. అందులో స్పెషల్ క్లాసు ఒకటి, దాని కింద ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు. ఏ తరగతివాడు ఎంత విలువైన పని దాకా టెండరు వేయవచ్చో హద్దు ఉంటుంది. ఈ ఏర్పాటుకూ, ఈ కాలపు టెండరు పద్ధతికీ ఆధారం 2003 జులై 1న నీటిపారుదల శాఖ ఇచ్చిన 94వ నంబరు జీవో. ఇది ఒక రకం.

ఒకరి సొంత స్థలంలో ఇల్లు కట్టి ఇచ్చే పని వేరు. దానికి మన రాష్ట్రంలో కాంట్రాక్టరుకు పరీక్ష పెట్టి ఇచ్చే లైసెన్సు లేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో మామూలు ఇంటి పనికైనా నాలుగేళ్ళ అనుభవం చూపించి, పరీక్ష గట్టెక్కితే గాని కాంట్రాక్టరుగా పని పట్టనివ్వరు. ఇక్కడ ప్లాను మీద సంతకం పెట్టే ఎల్‌టీపీకి, అంటే సాంకేతిక నిపుణుడికి లైసెన్సు ఉండాలి. కట్టేవాడిని ఎవరూ పరీక్షించరు. అనుమతి దరఖాస్తు రాష్ట్ర భవన అనుమతుల వ్యవస్థ ఏపీడీపీఎంఎస్ ద్వారా ఆన్‌లైన్‌లో పోతుంది, స్థలం ఎక్కడుందో బట్టి కార్పొరేషనుకో, పట్టణాభివృద్ధి సంస్థ అయిన తుడాకో చేరుతుంది. ఫ్లాట్లు కట్టి అమ్మాలంటే ఇంకో దారి: స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం కింద రెరాలో నమోదు కావాలి. ఇక వైరింగు పని విద్యుత్ లైసెన్సు ఉన్నవాడే చేయాలి. మేస్త్రీ తమ్ముడికి కరెంటు పని వచ్చు కదా అని అప్పగించడానికి లేదు.

కాబట్టి కొత్తవాడు లైసెన్సుతో మొదలుపెట్టనక్కర లేదు. పాన్ కార్డు, పని పేరున బ్యాంకులో ఒక కరెంట్ అకౌంటు, ఏటా దాఖలు చేసే రిటర్ను, పూర్తి చేసిన రెండు మూడు ఇళ్ళు, వాటి ఒప్పందాలు, ఫొటోలు. మొదటి రెండేళ్ళలో పోగేయాల్సింది ఇది. ప్రభుత్వ తరగతికి దరఖాస్తు పెట్టిన నాడు వాళ్ళు అడిగే ఆర్థిక స్తోమత ధ్రువపత్రం, టర్నోవరు లెక్క, అనుభవ పత్రం, అన్నీ ఈ రెండేళ్ళ నడవడిలోంచే రావాలి. కింది తరగతిలో చేరి మెల్లగా పైకి పోవడం నామోషీ ఏమీ కాదు. ఆ మెట్లు పెట్టింది అందుకే.

ఇప్పుడు అన్నిటికంటే చెడ్డ సలహాకు వస్తాను. "లైసెన్సు నీకెందుకు బావా, ఫలానా ఆయనది ఉండాది, రెండు పర్సెంటు ఇస్తే పెట్టుకోనిస్తాడు." ఇది ఎంత మామూలు అయిపోయిందంటే, తప్పు అన్న స్పృహ కూడా పోయింది. టెండరు ఆయన పేరున పడుతుంది. ఒప్పందం ఆయనది, బిల్లు ఆయన ఖాతాలో పడుతుంది, పని మాత్రం మీది. దాని అర్థం ఏమిటో కాస్త నిదానంగా చూడండి.

సిమెంటు, కమ్మి మీరు అప్పు మీద తెచ్చారు. బిల్లు ఆయన ఖాతాకు వచ్చిన రోజున ఆయనకు వేరే అప్పు ఉంటే బ్యాంకు అందులోంచి జమ కట్టుకుంటుంది. ఆ డబ్బు మీదని చూపించడానికి మీ దగ్గర కాగితం ముక్క లేదు. పన్ను కోత ఆయన పాన్ మీద నమోదవుతుంది, టర్నోవరు ఆయనకు పెరుగుతుంది. పని పూర్తయ్యాక ఇచ్చే అనుభవ పత్రం కూడా ఆయన పేరునే. అయిదేళ్ళు అలా చేసిన మనిషి అయిదేళ్ళ తర్వాత కూడా కాగితం మీద మొదటి రోజు ఎక్కడున్నాడో అక్కడే ఉంటాడు. పనిలో లోపం వచ్చి బ్లాక్ లిస్టులో పెడితే ఆ మచ్చ ఆయనకు, ఆయన కోపం మీకు. అన్నిటికీ మించి, శాఖ అనుమతి లేకుండా పనిని ఇంకొకరికి అప్పగించడమే ఒప్పందానికి విరుద్ధం. ఇంజినీరుకు అది తెలిసి ఊరుకున్నాడంటే ఆ ఊరుకోవడానికీ ఏదో ఒక నాడు ధర కట్టాల్సి వస్తుంది.

పెద్ద కాంట్రాక్టరు దగ్గర పని చేయాలనిపిస్తే దానికి నిజాయితీ దారి ఉంది. ఐఐటీ తిరుపతి, ఐసర్ ఆవరణలు, శ్రీసిటీ ఫ్యాక్టరీల వంటి పనులు పెద్ద సంస్థలకు వెళతాయి. వాళ్ళు గోడలు, ప్లాస్టరింగు, టైల్స్, కాంపౌండు వాల్ వంటివి విడివిడిగా ఇస్తారు. వర్క్ ఆర్డరు మీ పేరున తీసుకోండి, బిల్లు మీ పేరున ఇవ్వండి, కోసిన పన్ను మీ పాన్ మీద పడిందో లేదో చూసుకోండి. చేసేది సబ్ కాంట్రాక్టే అయినా రికార్డు మీదవుతుంది. పేరు లేని పది లక్షల పని కంటే పేరున్న రెండు లక్షల పని మేలని నేను గట్టిగా చెబుతాను.

"లెస్ కొట్టి ముందు పని పట్టు. లోపలికి పోయినాంక ఎట్లో ఒకట్ల సర్దుకోవచ్చు." లెస్ అంటే అంచనా కంటే ఇంత శాతం తక్కువకు టెండరు వేయడం. ఈ మాట చెప్పేవాడు లెక్క వేసి చెప్పడు. మనం వేద్దాం. ప్రభుత్వ అంచనాలు ఎస్‌ఎస్‌ఆర్ అనే ప్రామాణిక ధరల పట్టిక మీద తయారవుతాయి. సామాను, కూలి, యంత్రాల ఖర్చు కట్టి, దాని మీద ఓవర్‌హెడ్స్, కాంట్రాక్టరు లాభం కలిపి 13.615 శాతం వేస్తారు. అంటే 50 లక్షల అంచనాలో అసలు ఖర్చు సుమారు 44 లక్షలు, మిగతా 6 లక్షల్లోనే మీ ఆఫీసు, సూపర్‌వైజరు జీతం, వడ్డీ, లాభం అన్నీ ఉండాలి. మీరు 20 శాతం లెస్ వేస్తే ఒప్పందం విలువ 40 లక్షలు. మొదటి గునపం దించకముందే 4 లక్షలు తక్కువ.

ఆ 40 లక్షలైనా పూర్తిగా చేతికి రావు. టెండరుతో పాటు 1 శాతం ఈఎండీ, అంటే ధరావతు, ఒప్పందం నాడు ఇంకో 1.5 శాతం కట్టాలి. ప్రతి బిల్లులో 7.5 శాతం పట్టి ఉంచి, పని ముగిశాక, హామీ గడువు తీరాక విడతలుగా ఇస్తారు. వ్యక్తి పేరున ఉన్న కాంట్రాక్టరుకు ఆదాయపు పన్ను కింద 1 శాతం కోత, ఒప్పందం రెండున్నర లక్షలు దాటితే జీఎస్టీ కింద 2 శాతం కోత. ఈ కోతలు లెక్కల్లో తిరిగి వస్తాయి, నిజమే, కానీ స్లాబు వేసే రోజున కూలీలకు ఇవ్వడానికి రావు. బిల్లు ఎప్పుడు వస్తుందో అసలు చెప్పలేం. బిల్లు ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో ఎక్కి, నెలల తరబడి కదలక, చివరికి హైకోర్టు గడప తొక్కిన కాంట్రాక్టర్లు ఈ రాష్ట్రంలో ఎందరో ఉన్నారు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష, ఏడాది బిల్లు ఆగితే 36 వేలు తింటుంది. 13.615 శాతంలో దానికి చోటు ఎక్కడుంది?

అన్ని పనుల్లోనూ లెస్ తప్పని నేను అనను. సొంత జేసీబీ, ట్రాక్టర్లు ఉన్నవాడికి మట్టి పనిలో ఎస్‌ఎస్‌ఆర్ ధర కంటే తక్కువకు గిట్టవచ్చు. క్వారీ పక్కనే పని పడితే కంకర కలిసి రావచ్చు. కానీ అది ఐటం వారీగా తేలాల్సిన లెక్క. పక్కవాడు 18 వేశాడు కాబట్టి నేను 19 వేస్తానంటే అది పంతం. తక్కువకు పట్టి లోపల సర్దుకోవడం అంటే చివరికి సిమెంటు బస్తాలోనో, కమ్మి మందంలోనో సర్దుకోవడమే. కమ్మి దొంగిలించిన బడి గది పైకప్పు కింద పిల్లలు కూర్చుంటారు. దాన్ని సర్దుబాటు అని పిలవడం నాకు చేతకాదు.

తిరుమల కొండ మీది పనుల మీద కూడా ఇక్కడ చాలా మోజు. "టీటీడీ పని ఒకటి దొరికిందంటే సామీ దయ, ఇంక ఎనక్కి చూసే పని ల్యా" అంటారు. టీటీడీకి సొంత ఇంజినీరింగు విభాగం ఉంది, టెండర్లు దాని నిబంధనల ప్రకారం నడుస్తాయి. దయ సంగతి అలా ఉంచితే, సామాను అంతా ఘాటు రోడ్డు ఎక్కాలి. పని మనుషులకు అనుమతులు, ఉండే చోటు చూడాలి. మాంసం, మద్యం, పొగాకు అక్కడ నిషిద్ధం, పని మనిషి జేబులో బీడీ కట్ట దొరికినా మాట పడేది మీరే. రద్దీ రోజుల్లో లారీ ఎప్పుడు కదులుతుందో మీ చేతిలో ఉండదు. కొండ కింద గిట్టే ధర పైన గిట్టదు. ఇంత తెలిసి రేటు వేసుకున్నవాడికి అది మంచి పనే.

ఇక ప్రైవేటు ఇళ్ళ సంగతి. అక్కడ వినిపించే మాట, "మనోళ్ళే గదా, అగ్రిమెంట్ అంటే ఏమనుకుంటారు?" నన్నడిగితే మనవాళ్ళయితేనే ముందు అగ్రిమెంట్ రాయాలి. బయటివాడితో తగాదా వస్తే ఒక పని పోతుంది, మామతో తగాదా వస్తే పనితోపాటు చుట్టరికమూ పోతుంది.

చదరపు అడుగుకు ఇంత అని మాట అనుకుంటారు. ఏ అడుగు? గోడల బయటి కొలతా, స్లాబు కొలతా? పోర్టికో లెక్కలోకి వస్తుందా, సగమేనా? మేడ మీది మెట్ల గది? సన్‌షేడు? సంపు, సెప్టిక్ ట్యాంకు, కాంపౌండు గోడ రేటులోనే ఉన్నాయా, విడిగానా? స్థలం కొలతలోనే మెలిక ఉంది. తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు లెక్కలో 72. 2022 ఏప్రిల్ 4న నెల్లూరు జిల్లా నుంచి కొంత భాగాన్ని కలిపి తిరుపతి జిల్లా ఏర్పడ్డాక, నాయుడుపేట నుంచో సూళ్ళూరుపేట నుంచో వచ్చే ఇంటి యజమాని మనసులో ఉన్న అంకణం, మేస్త్రీ మనసులో ఉన్న అంకణం ఒకటి కాకపోవచ్చు. కాగితం మీద చదరపు అడుగుల్లోనే రాయండి.

కూలి కాంట్రాక్టా, సామానుతో సహానా అన్నది మొదటి వాక్యంలోనే ఉండాలి. సామానుతో అయితే సిమెంటు ఏ కంపెనీది, కమ్మి ఏ గ్రేడు, తలుపులు ఏ కర్ర, టైల్స్ అడుగు ఎంత ధర దాకా, బాత్రూము కుళాయిలు ఏవి, అన్నీ రాయాలి. డబ్బు విడతలు పని దశలకు కట్టాలి: పునాది, పీఠం, గోడలు, లింటల్, స్లాబు, ప్లాస్టరింగు, నేల. ప్రతి దశకూ అప్పటిదాకా మీరు పెట్టిన ఖర్చు కంటే కొంచెం ముందే డబ్బు అందేలా విడతలు చూసుకోండి, చివరి విడత చిన్నదిగా ఉంచండి. చివరి విడత పెద్దదైతే గృహప్రవేశం నాడు పంచె, జాకెట్టు గుడ్డ పెట్టి, డబ్బు మాత్రం "చూద్దాంలే" అంటారు. మధ్యలో అమ్మగారు వచ్చి వంటగది గోడ జరపమంటే, పని మొదలుపెట్టక ముందే అదనపు పని అని, ఇంత అవుతుందని ఆ రోజే రాసి, సంతకం పెట్టించుకోండి. సంతకం అడగడానికి మొహమాటమైతే కనీసం వాట్సాప్‌లో పంపి "సరే" అనిపించుకోండి.

కమ్మి ధర కట్టేటప్పుడు కడ్డీల లెక్కన పోకండి. మిల్లీమీటర్లలో మందాన్ని అదే అంకెతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 0.89 కిలో, 12 మీటర్ల నిండు కడ్డీ దాదాపు పదకొండు కిలోలు. లారీ దిగిన రోజున తూకం ఈ లెక్కకు బాగా తక్కువ వస్తే ఆ కమ్మి వెనక్కి పంపండి. ఇసుక మీద యజమానితో ముందే మాట్లాడండి. 2024 జులైలో ఉచిత ఇసుక విధానం వచ్చింది కదా, ఇసుకకు డబ్బు ఎందుకని అడుగుతాడు. ఎత్తుకూలి, రవాణా ఉచితం కాదని ఆయనకు తెలియకపోవచ్చు. "రాత్రి స్వర్ణముఖిలో తోలుకుంటే సరిపాయె" అనే మాటకు మాత్రం తల ఊపకండి. అది కేసు, ట్రాక్టరు జప్తు. పైగా అలా వచ్చే ఇసుకలో ఒండ్రు ఎంతుందో చూసే తీరిక ఎవరికీ ఉండదు.

"అంతా క్యాష్‌లో పో, జీఎస్టీ గోల ల్యా" అన్న సలహాకు ఎక్కువ చెప్పనక్కర లేదు. నిర్మాణ కాంట్రాక్టు పన్ను దృష్టిలో సేవ కిందికి వస్తుంది, ఏడాదికి 20 లక్షలు దాటితే నమోదు తప్పదు. ఒక ఇంటి పని మీద 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా కట్టమనే నిబంధన ఉంది. చిన్న కాంట్రాక్టరుకు చట్టం ఇచ్చిన వెసులుబాటు కూడా ఉంది: పుస్తకాలు బారుగా రాయకుండా, బ్యాంకు ద్వారా వచ్చిన దానిలో 6 శాతం, నగదుగా వచ్చిన దానిలో 8 శాతం లాభమని చూపించి రిటర్ను వేసుకోవచ్చు. రెండేళ్ళ రిటర్నులు లేనివాడికి మిక్సరు కొనడానికి కూడా బ్యాంకు అప్పు పుట్టదు.

"పునాది అందరికీ అయిదడుగులే, ఇంజినీరుకు డబ్బులు దండగ" అంటారు. ఈ మాటను 2021 నవంబరుకు ముందైతే ఎవరైనా క్షమించవచ్చునేమో. ఆ నెల 18, 19 తేదీల్లో ఈశాన్య రుతుపవనాల వాన తిరుపతిని ముంచింది. స్వర్ణముఖి ఒడ్డున కట్టడాలు కూలి ఏట్లో పడ్డాయి. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. ఎం.ఆర్.పల్లి వైపు శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంట్లో సిమెంటు వరలతో దించిన నీళ్ళ ట్యాంకును ఒకామె శుభ్రం చేస్తుండగా, ట్యాంకు భూమిలోంచి పైకి లేచి నిలబడింది. ఊరంతా వింతగా చూసింది. కొందరు మహిమ అన్నారు.

కాంట్రాక్టరు మాత్రం దాన్ని లెక్కగా చూడాలి. నేలలో ఊట నీరు నిండినప్పుడు, దాని మధ్యలో ఖాళీగా ఉన్న తొట్టిని నీరు పైకి తోస్తుంది. ఎంత బలంతో అంటే, ఆ తొట్టి ఆక్రమించిన చోట పట్టే నీళ్ళ బరువుతో. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు సంపు 360 ఘనపుటడుగులు, ఘనపుటడుగు నీళ్ళు 28.3 కిలోలు, అంటే పది టన్నుల తోపు. సంపు సొంత బరువు, పైకప్పు, చుట్టూ మట్టి పట్టు కలిసి దానికంటే తక్కువైతే సంపు లేస్తుంది, లేదా అడుగు పగులుతుంది. చెరువు కింది నేలల్లో, ఏటి దాపున, పూడ్చిన గుంటల్లో సంపు కట్టేటప్పుడు అడుగు స్లాబును గోడల కంటే బయటికి చాచి, దాని మీద మట్టి కూర్చునేలా చేయాలి. వానాకాలంలో సంపును పూర్తిగా ఖాళీ చేయవద్దని యజమానికి చెప్పి పోవాలి. ఇది చెప్పే ఇంజినీరుకు ఇచ్చే ఫీజు మొత్తం ఇంటి ఖర్చులో ఎంత! మన ప్రాంతంలో ఒకే వీధిలో ఒక స్థలంలో మూడడుగులకే బండ తగులుతుంది, నాలుగిళ్ళ అవతల ఎనిమిదడుగులు తవ్వినా పూడ్చిన మట్టే. అయిదడుగుల లెక్క ఈ రెంటిలో దేనికీ సరిపోదు.

సెంట్రింగు విప్పే దగ్గరా అంతే. "అద్దె ఎక్కుతా ఉండాది, వారానికి విప్పేయ్" అంటాడు పక్కవాడు. స్లాబు వెడల్పు నాలుగున్నర మీటర్ల లోపైతే కింది ఆధారాలు ఏడు రోజులు, దాటితే పద్నాలుగు రోజులు ఉండాలని కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. బీములకు ఆరు మీటర్ల దాకా పద్నాలుగు, ఆపైన ఇరవై ఒకటి. తడపడం మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు పది. తిరుపతి మే ఎండలో ఒక పూట తడపడం మానినా పైపొర దెబ్బతింటుంది. అద్దె ముందే రేటులో వేసుకున్నవాడికి ఈ తొందర ఉండదు.

"ప్లాను ఒకటి, కట్టేది ఒకటి, అది ఓనరు తలనొప్పి." ఇది వినడానికి తెలివిగా ఉంటుంది. చుట్టూ వదలాల్సిన ఖాళీ తినేసి, అనుమతి లేని అంతస్తు ఎక్కించాక, నోటీసు యజమానికే వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ పని ఆగిపోతే మీ సెంట్రింగు అక్కడే ఇరుక్కుంటుంది, విడత ఆగుతుంది, మనుషులు వేరే పనికి పోతారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకపోతే ఆ ఇంటిని మీ అనుభవంగా ఎవరికీ చూపించలేరు. ప్లాను కాపీ ఒకటి సైటులో పెట్టుకోండి. మార్పు కావాలంటే ఎల్‌టీపీ దగ్గరికి పంపండి. వినకపోతే పని వదులుకోండి.

కూలీల విషయంలో చెప్పే సలహాలు నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తాయి. "పేర్లు రాసుకోకు, రేపు ఏమన్నా అయితే మన మనిషి కాదనొచ్చు." పొద్దున్నే అడ్డాలో నిలబడి మన లారీ ఎక్కిన మనిషి, వేలూరు వైపు నుంచో ఒడిశా నుంచో వచ్చిన మనిషి, సారవ మీద నుంచి పడితే అతను ఎవరో తెలియదనమని బోధించడం ఇది. నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది, నిర్మాణ ఖర్చులో కనీసం 1 శాతం సెస్సుగా వాళ్ళ సంక్షేమానికి పోతుంది. 2025 నవంబరులో కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాక కూడా ఆ సెస్సు ఉంది. సంక్షేమ బోర్డులో కార్డు కావాలంటే కార్మికుడు ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు ఆధారం చూపాలి. ఆ ఆధారం ఇవ్వాల్సింది మీరే. మీ హాజరు పుస్తకంలో పేరు లేకపోతే అతనికి ఆ బోర్డు సాయం అందడం కష్టమవుతుంది.

పేరు, ఊరు, ఫోను, ఇంట్లో ఎవరికి చెప్పాలి అన్న నాలుగు గడులతో హాజరు పుస్తకం పెట్టండి. పని మొదలయ్యే ముందే కార్మికుల పరిహార బీమా తీసుకోండి. ఒక ఇంటి పనికి అయ్యే ప్రీమియం టైల్స్ మార్చుకున్నంత ఖర్చు కూడా కాదు. హెల్మెట్లు, పైన పనిచేసేవారికి నడుం బెల్టు, కరెంటు మిక్సరుకు ఎర్తు ఉండి తీరాలి. వారం కూలి శనివారం సాయంత్రం ఇచ్చేయండి, మీ బిల్లు రాకపోయినా సరే. బిల్లు మీకూ శాఖకూ మధ్య విషయం. అడ్వాన్సు ఇచ్చి మనిషిని కట్టేసుకోమనేవాళ్ళ మాట వినకండి. అప్పు తీరేదాకా కదలకూడదు అనడం వెట్టిచాకిరి, 1976 నుంచి నేరం. మంచి బేల్దారులు శనివారం కూలి తప్పని సైటును వెతుక్కుంటూ వస్తారు.

చివరిగా, "తాళాలు ఇచ్చినాంక ఆ ఈది మొగం సూడొద్దు" అంటారు. పోతే ఏదో ఒకటి చెయ్యమంటారని భయం. ఫ్లాట్లు అమ్మేవాడికైతే కట్టడంలో లోపాలకు స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి అయిదేళ్ళు రెరా చట్టమే బాధ్యత పెట్టింది. సొంతింటి కాంట్రాక్టరుకు ఒప్పందంలో ఎంత రాసుకుంటే అంత. ఏమీ రాయకపోయినా, మొదటి కార్తీక మాసం వానలు ఒక విడత కురిశాక ఫోను చేసి ఆ ఇంటికి వెళ్ళండి. మేడ మీద నీళ్ళు ఏ మూల నిలిచాయో చూడండి. పిట్టగోడ అడుగున, బాత్రూము గోడ అవతలి వైపున, కిటికీ పై సన్‌షేడు కీలులో చెమ్మ దిగిందేమో తడిమి చూడండి. సంపు మూత తీసి, అడుగున పగులు ఉందేమో టార్చి వేసి చూడండి. దొరికినవి ఆ వారమే మనిషిని పంపి బాగు చేయించండి. ఖర్చు చిన్నదైతే మీరే పెట్టుకోండి, పెద్దదైతే కారణం చూపించి మాట్లాడుకోండి. చూసినవి, చేసినవి తేదీ వేసి ఆ ఇంటి ఫైలులోనే రాసి పెట్టుకుని, తర్వాతి ఇంటి ఎస్టిమేటు వేసే ముందు ఆ పేజీ ఒకసారి చదవండి.